రైలొస్తే చాలదు... మన వేళకు రావాలి!

'ఆడవాళ్ల పేజీలో రైళ్ల గొడవేమిటి?' అనుకునేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. వంటలో, పిల్లల పెంపకమో, ఆరోగ్యమో రాసుకోవాల్సిన చోట పట్టాలు, ప్యాసింజర్లు, టైం టేబుళ్లు ఎందుకని అడగొచ్చు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. చిన్న ఊళ్లో ఆడపిల్ల పైచదువు ఎక్కడ ఆగిపోతోంది? చాలా ఇళ్లలో అది మార్కుల దగ్గర ఆగదు. ఒక్కోసారి ఫీజు దగ్గర కూడా ఆగదు. 'రోజూ ఎలా వెళ్లొస్తావే?' అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. పక్క పట్నానికి బదిలీ అయిన టీచరమ్మ సెలవు పెట్టాలా, కాపురం మార్చాలా అని మథనపడేది ఈ ప్రశ్న దగ్గరే. నెలలు నిండిన కూతుర్ని పెద్దాసుపత్రికి చూపించాలంటే తల్లి మొదట లెక్క వేసుకునేదీ దీన్నే. అందుకే అంటున్నాను, రైలు వేళ మన ఇంటి విషయమే.

ఈమధ్య ఏ చిన్న పట్నానికి వెళ్లినా ఒక కోరిక వినిపిస్తోంది. 'మా ఊరికి మళ్లీ ప్యాసింజరు వెయ్యాలి' అని. కొన్ని చోట్ల అసలు లైనే లేదు. కొన్ని చోట్ల ఉన్న బండి ఆగిపోయింది. ఇంకొన్ని చోట్ల బండి ఉంది గానీ మన స్టేషన్లో ఆగడం మానేసింది. కోరిక న్యాయమైనదే. అయితే రైలు తిరిగి రావడమంటే ఏమిటో మనం ముందే తేల్చుకోకపోతే, వచ్చిన రైలు కూడా మనది కాకుండా పోతుంది. అలా జరిగిన కథ మన గోదావరి ఒడ్డునే ఉంది.

అరవై నాలుగేళ్లు ఎదురుచూసిన లైను

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల రైలు మార్గం గోదావరి జిల్లాల వాళ్లకు తెలిసిందే. కరప, వేలంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వరిచేల మధ్య నుంచి సాగి గౌతమి గట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటితే ముక్తేశ్వరం, ఆపైన అమలాపురం. అంటే ఈ చిన్న లైను ఒక కొసన పట్నం, పెద్దాసుపత్రి, కాలేజీలు, మరో కొసన కోనసీమ గుమ్మం.

1928లో ఈ మార్గం మీద రైలు మొదలైంది. 1940లో రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని ఆ పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. యుద్ధం 1945లో ముగిసింది. పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. మళ్లీ రైలు కూత వినిపించింది 2004లో! 1940లో ఆ రైలు చూసిన పదేళ్ల పిల్ల 2004 నాటికి డెబ్భై నాలుగేళ్ల ముసలమ్మ అన్నమాట. ఆమె పెళ్లి, పురుళ్లు, పిల్లల చదువులు, మనవల పెళ్లిళ్లు... అన్నీ ఆ మధ్యలోనే అయిపోయాయి. ఆ లైను తిరిగి రావాలని పట్టుబట్టినవాళ్లలో కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఒకరు. రైలు తిరగడం ఆయన చూడలేదు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు.

ఇంత ఎదురుచూపు తర్వాత వచ్చిందేమిటి? కొన్నాళ్లకు ఆ పట్టాల మీద మిగిలింది ఒక రైలు బస్సు. పేరుకు రైలు, చూడబోతే ఒంటి పెట్టె బస్సు. నామమాత్రపు ట్రిప్పులు. కాలేజీ గంటకు చేర్చేది కాదు, ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చేది కాదు. సరదాగా ఒకసారి ఎక్కి చూడటానికి బాగుంది, రోజూ బతుకు దాని మీద పెట్టుకోవడానికి కుదరలేదు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి దేశమంతా బళ్లు ఆగినప్పుడు అదీ ఆగింది. దూరపు ఎక్స్‌ప్రెస్‌లు ఒక్కొక్కటే పట్టాలెక్కినా, ఈ చిన్న బండి కోసం అక్కడి జనం మళ్లీ అర్జీలు పట్టుకు తిరగాల్సి వచ్చింది. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను పొడిగించే పని మంజూరై పాతికేళ్లయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటడానికి వంతెనలు కావాలి. ఆ పని ఏళ్ల తరబడి సాగుతూనే వచ్చింది.

ఈ కథలో నాకు కనిపించే నీతి ఒక్కటే. పట్టాలు తిరిగొచ్చినంత మాత్రాన రైలు తిరిగొచ్చినట్టు కాదు. జనం దినచర్యలోకి వచ్చినప్పుడే అది వచ్చినట్టు.

పది రూపాయలు ముప్పై అయితే...

కోవిడ్ తర్వాత బళ్లు మళ్లీ మొదలైనప్పుడు ఇంకో వింత జరిగింది. అదే బండి, అవే పెట్టెలు, అదే నత్తనడక. కానీ చాలా ప్యాసింజర్లకు 'స్పెషల్' అనీ 'ఎక్స్‌ప్రెస్' అనీ పేరు పెట్టారు. పేరు మారగానే కనీస టికెట్టు పది రూపాయల నుంచి ముప్పైకి ఎగబాకింది. సీజన్ టికెట్లు కూడా కొంతకాలం ఆగిపోయాయి. కొన్ని బళ్లకు చిన్న స్టేషన్లలో ఆగడమే తీసేశారు.

'ఇరవై రూపాయలకు ఇంత రాద్ధాంతమా?' అంటారేమో. లెక్క వేద్దాం. వెళ్లడానికి పది, రావడానికి పది. నెలకు పాతిక రోజులు తిరిగితే అయిదొందలు. అదే ముప్పై చొప్పున అయితే పదిహేను వందలు. బట్టల కొట్లో సేల్స్‌గర్ల్‌కి, నర్సింగ్‌హోమ్‌లో ఆయాకి, ప్రైవేటు స్కూల్లో పంతులమ్మకి ఆ వెయ్యి రూపాయల తేడా చిన్నదా? 'ఆ జీతానికి ఈ ఖర్చు పెట్టి వెళ్లడమెందుకు, ఇంట్లో ఉండు' అన్న మాట ఇంట్లో పుట్టడానికి ఆ వెయ్యి చాలు. మగవాడికి ఛార్జీ పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఆడదానికి ఛార్జీ పెరిగితే ఉద్యోగమే పోతుంది. తేడా అక్కడుంది.

నాలుగేళ్లు కావస్తుండగా, 2024 ఫిబ్రవరిలో ఆ కనీస ఛార్జీ తిరిగి పది రూపాయలకు దిగింది. సంతోషమే. కానీ ఆ నాలుగేళ్లలో చదువు మానేసిన పిల్లలు, పని మానేసిన తల్లులు ఆ పది రూపాయల టికెట్టుతో వెనక్కి రాగలరా? రైలును ఆపడం ఒక్క రాత్రి పని. ఆగిపోయిన బతుకుల్ని మళ్లీ కదిలించడం ఏళ్ల పని.

మన ప్రయాణం ముగ్గులాంటిది

టైం టేబుల్ వేసేవాళ్లు ఎప్పుడూ మరిచిపోయే సంగతి ఒకటుంది. మగవాళ్ల ప్రయాణం సాధారణంగా గీత గీసినట్టుంటుంది. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి. మన ప్రయాణం అలా కాదు, చుక్కల ముగ్గు. పిల్లాణ్ని బడిలో దింపాలి. అత్తగారి మందులు తేవాలి. బ్యాంకులో డ్వాక్రా కంతు కట్టాలి. వచ్చేటప్పుడు కూరగాయలు కొనాలి. మధ్యలో ఒక్క చుక్క తప్పినా ముగ్గంతా చెడిపోతుంది.

అందుకే బండి వేళ నలభై నిమిషాలు జరిగితే కాగితం మీద అది ఒక అంకె మార్పు, అంతే. బడి గంటకు చేరాల్సిన టీచరమ్మకు అది మెమో. తెల్లారకముందే రైతు బజారుకు చేరాల్సిన ఆకుకూరల మనిషికి అది వాడిపోయిన గంప. చేపల గంప ఎత్తుకున్న మనిషికైతే ఆ రోజు బేరమే పోయింది. సాయంత్రం బండి చీకటిపడ్డాక వస్తే, కాలేజీ పిల్ల తండ్రి 'ఇక చాల్లే' అంటాడు. ఆయన్నీ తప్పు పట్టలేం. స్టేషన్ నుంచి ఇంటికి దారిలో దీపం లేదు మరి!

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్లు ప్యాసింజర్లో 'అప్ అండ్ డౌన్' చేశాను. పొద్దుటి బండిలో మా పెట్టె ఒక చిన్న ఊరు. నర్సులు, టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, గంపలతో కూరగాయలమ్మలు... ఒకరు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఇంకొకరు పరీక్ష పేపర్లు దిద్దుకునేవారు. ఎవరికి జీతం పెరిగింది, ఎవరి పిల్ల పెద్దమనిషి అయింది, ఎవరింట్లో దెబ్బలాట అయింది, అన్నీ అక్కడే తెలిసేవి. ఇంటి చాకిరీకీ ఆఫీసు చాకిరీకీ మధ్య మాకంటూ దొరికిన గంట అదొక్కటే. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఆ కబుర్లు చెప్పుకోగలమా? అలాంటి గంట మన పిల్లలకు కూడా ఉండాలని నా ఆశ.

'ఉచిత బస్సు ఉందిగా!'

ఇప్పుడొక ప్రశ్న వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చాయి. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఇక డబ్బులిచ్చి రైలెందుకు?

ఉచిత బస్సు మేలు నేను కాదనను. చేతిలో పైసా లేకపోయినా పుట్టింటికి వెళ్లి రాగలగడం చిన్న స్వేచ్ఛ కాదు. కానీ బస్సు చేసే పని బస్సుది, రైలు చేసే పని రైలుది. కిక్కిరిసిన బస్సులో ఏడో నెల గర్భిణి ఎంతసేపు నిలబడగలదు? గంపలు, మూటలు ఎక్కడ పెట్టుకోవాలి? షుగర్ ఉన్న పెద్దావిడకు దారిలో అవసరమైతే ఏం చెయ్యాలి? రైలు పెట్టెలో జాగా ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది. (పాత మెము బళ్లలో చాలావాటికి అదీ లేదు. కొత్తవాటిలో పెడుతున్నారు. మన ఊరికి వచ్చేది ఏదో కనుక్కోవడం మంచిది.) వానల్లో రోడ్డు గోతులమయమైనా పట్టాలు గోతులు పడవు. పైగా ఒక్క ప్యాసింజరు మోసేంత మందిని మొయ్యాలంటే బస్సులు బారులు తీరాలి. అంచేత ఇది బస్సుకీ రైలుకీ పోటీ కాదు. రైలు దిగగానే స్టేషన్ బయట పల్లెవెలుగు బస్సు సిద్ధంగా ఉంటే, ఒకదానికొకటి తోడు. దేని దారి దానిదైతేనే మనకు కష్టం.

'ఎక్కేవాళ్లేరీ?'

చిన్న లైన్ల గురించి అధికారుల నోట తరచూ వినిపించే మాట ఇది. 'బండి వేశాం, ఎక్కేవాళ్లు లేరు.' ఈ మాట వినగానే మనం నోరు మూసుకుంటాం. మూసుకోనక్కర్లేదు. పొద్దున పదకొండింటికి బండి వేస్తే ఏ కాలేజీ పిల్ల ఎక్కుతుంది? వెళ్లడానికి బండి ఉండి, రావడానికి లేకపోతే ఎవరెక్కుతారు? ఎవరికీ కుదరని వేళకు బండి వెయ్యడం, ఎవరూ ఎక్కలేదని లెక్క చూపడం, ఆ లెక్క చూపి బండి తియ్యడం! వడ్డించకుండానే 'నీకు ఆకలి లేదు' అన్నట్టుంది ఈ వరస.

రెండో మాట నష్టం. ప్రయాణికుడి మీద పెట్టే ఖర్చులో సగటున 57 శాతమే టికెట్టు ద్వారా వస్తోందని కొన్నేళ్ల పాటు రైలు టికెట్ల మీదే అచ్చు వేశారు. సరకు రవాణా మీద వచ్చే డబ్బుతో ఆ లోటు పూడుస్తారన్నదీ నిజమే. కానీ మన వీధి రోడ్డు మీద ఎంత ఖర్చయిందో, అందులో ఎంత వెనక్కి వచ్చిందో ఎవరైనా అచ్చు వేశారా? బడికీ, ఆసుపత్రికీ లాభం అడుగుతామా? పది రూపాయల టికెట్టుతో ఒక పిల్ల డిగ్రీ పూర్తి చేస్తే ఆ లాభం ఏ పద్దులో రాస్తారు?

డబ్బు లేదనీ అనలేం. 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్-విశాఖపట్నం మధ్య వందే భారత్ మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్ల ఆధునికీకరణకు ఒక్క రోజే శంకుస్థాపన చేశారు. మంచిదే. వేగంగా వెళ్లాల్సినవాళ్లు వెళ్లాలి, స్టేషన్లు అందంగా ఉండాలి. కానీ ఆ వేగం బళ్లకు దారివ్వడానికి మన ప్యాసింజరును లూపు లైన్లో అరగంట నిలబెట్టేసినప్పుడు, ఆ అరగంట ఎవరిది? పెట్టెలో కూర్చున్న నర్సుది, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆవిడ బిడ్డది. అందమైన స్టేషన్ ముఖద్వారం కంటే, అందులోకి వేళకు వచ్చే ఒక్క బండి మనకు ముఖ్యం.

ఏమడగాలి? ఎవరినడగాలి?

'మాకు రైలు కావాలి' అని అడిగితే రైలు బస్సు ఇస్తారని కోటిపల్లి కథ చెప్పింది. కాబట్టి అడిగేటప్పుడే వివరంగా అడగాలి.

మొదటిది వేళ. బడి, కాలేజీ, ఆఫీసు గంటలకు ముందు చేర్చే బండి ఒకటి, సాయంత్రం చీకటిపడక ముందు ఇల్లు చేర్చే బండి ఒకటి. ఈ రెండూ లేకుండా మధ్యాహ్నం ఎన్ని వేసినా దండగే.

రెండోది ఆగే చోటు. ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి చిన్న హాల్టుల్ని దాటేసే బండి ఆ ఊరి ఆడవాళ్లకు ఉన్నా లేనట్టే.

మూడోది స్టేషన్. నేలమట్టపు ప్లాట్‌ఫారం మీద నుంచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చంకలో పిల్లాడితో ఆ ఎత్తు మెట్లెక్కడం ఎంత కష్టమో ఎక్కినవాళ్లకే తెలుసు. ప్లాట్‌ఫారం ఎత్తు పెంచాలి. దీపాలు, నీళ్లు, తాళం వెయ్యని మరుగుదొడ్డి ఉండాలి. స్టేషన్ నుంచి ఊళ్లోకి దారి, ఆ దారిలో వెలుతురు ఉండాలి.

నాలుగోది ఛార్జీ. సీజన్ టికెట్టు చెల్లే బండే కావాలని గట్టిగా చెప్పాలి. కూలీనాలీ చేసుకునే నిరుపేదల కోసం 2009లో 'ఇజ్జత్' పేరుతో పాతిక రూపాయల నెలవారీ పాసు పెట్టారు. ఇజ్జత్ అంటే మర్యాద. పేదవాళ్లు టికెట్టు లేకుండా భయపడుతూ కాక, మర్యాదగా ప్రయాణించాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం ప్రతి ప్యాసింజరుకూ ఉండాలి.

అయిదోది భద్రత. ప్రయాణికుల బండిలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక పెట్టె గానీ కొన్ని సీట్లు గానీ కేటాయించాలని 1989 రైల్వే చట్టం 58వ సెక్షన్ చెబుతోంది. అందులోకి ఎక్కే మగవాళ్లకు జరిమానా వేసే సెక్షనూ ఉంది. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చెయ్యొచ్చు. ఈ నంబరు మీ అమ్మాయి చేత కూడా బట్టీ పట్టించండి.

ఇక ఎవరినడగాలి? ఒకప్పుడు ఏటా రైల్వే బడ్జెట్ వచ్చేది. 2017 నుంచి అది సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. అంచేత మన ఊరి బండి మాట ఢిల్లీలో వినపడటం ఇంకా కష్టమైంది. కానీ తలుపులు అన్నీ మూసుకోలేదు. మీ పార్లమెంటు సభ్యుడికి రాయండి. డివిజనల్ రైల్వే మేనేజర్‌కి రాయండి. డివిజన్ స్థాయిలో, స్టేషన్ స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘాలు ఉంటాయి. మీ ఊరి సంఘంలో ఎంతమంది ఆడవాళ్లున్నారో అడగండి. లేకపోతే ఎందుకు లేరో అడగండి. డ్వాక్రా సంఘాలు, మహిళా మండళ్లు, కాలేజీ పిల్లలు, టీచర్ల సంఘాలు కలిసి ఒక వారం పాటు లెక్క రాయండి. మన ఊరి నుంచి రోజూ పొద్దున ఎంతమంది ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నింటికి చేరాలి, ఇప్పుడు ఎంత ఖర్చవుతోంది, ఎంతమంది కుదరక మానేశారు. ఆ కాగితం అర్జీకి జత చెయ్యండి. 'ఎక్కేవాళ్లేరీ?' అన్న ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు లేదు.

ఆ లెక్కలో చివరి గడి మాత్రం మరిచిపోకండి. కుదరక మానేసినవాళ్ల గడి. రైల్వే లెక్కల్లో టికెట్టు కొన్నవాళ్లే ఉంటారు. ప్లాట్‌ఫారం దాకా రాలేకపోయిన ఆడపిల్లలు ఏ లెక్కలోనూ ఉండరు. వాళ్ల పేర్లు రాయాల్సింది మనమే. రైలు తిరిగి రావాల్సింది ముందుగా వాళ్ల కోసమే.